పుల్లమ్మ చేతికిచ్చిన ఫోను

జోహరాబీ మక్కాకు, ఉమ్రా యాత్రకు పోతోందన్న మాట కన్నా, ఫోను లేకుండా పోతోందన్న మాటే ఊళ్లో ముందు తిరిగింది.

పర్చూరు దగ్గరి ఆ ఊళ్లో ఆమె మిరపకోత ముఠాకు మేస్త్రి. ముఠాలో ముప్పై రెండుమంది ఆడవాళ్లు. కోతకు మనుషులు కావాలన్నా, కళ్లంలో ఆరబోసిన కాయ తిరగేయాలన్నా, రంగు పోయిన తాలు కాయ ఏరించాలన్నా రైతులు ఆమెకే ఫోను చేస్తారు. బటన్ల ఫోను. ఆమెకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. చివరి రెండంకెలు చూసి అవతల ఎవరో చెప్పేస్తుంది. మిరప పండే మూడు నెలలూ ఆ ఫోను తెల్లవారకముందే మోగడం మొదలుపెట్టేది. అన్నం తింటున్నా, నమాజు చేసుకుంటున్నా ఆమె చెవి దాని మీదే ఉండేది.

ఉమ్రా ప్రయాణం ఫిబ్రవరిలో పడింది. సరిగ్గా కోతల మధ్యలో. పద్నాలుగు రోజులు. ముఠాను పుల్లమ్మకు అప్పజెప్పింది జోహరాబీ. పుల్లమ్మ పాతికేళ్లుగా ఆమె పక్క సాలులో కాయ కోసిన మనిషి, చర్చి వీధిలో ఉంటుంది. రైతులకు తెలిసింది ఆ ఒక్క నంబరే కాబట్టి ఫోను కూడా ఆమెకే ఇచ్చేసింది.

"అది ఇచ్చెయ్యమ్మా, కాదనను," అన్నాడు కొడుకు నజీర్. పర్చూరులో పంక్చర్ల షాపు అతనిది. "నీకు ఇంకోటి కొనిస్తా. అక్కడి సిమ్ము యాత్రకు తీసుకెళ్లేవాళ్లే వేసిస్తారంట."

"వద్దురా."

"తప్పిపోతేనో? అక్కడ లక్షలమంది ఉంటారు. నీకు అరబ్బీ రాదు, ఉర్దూ కూడా సరిగ్గా రాదు."

"ఫోనుంటే పుల్లమ్మకి చేస్తాను. ఎవరి చేలో ఎంతమంది దిగారు, కాయ ఎండిందా అని అడుగుతాను. అక్కడికి పోయి కూడా కళ్లంలోనే కూర్చుంటాను. దానికి అంత దూరం పోవడమెందుకు?"

నజీర్ ఇంకేదో అనబోయాడు. ఆమె లేచి బయటికి వెళ్లిపోయింది.

అసలు కారణం అతనికి చెప్పలేదు. పదకొండేళ్ల కిందట ఆమె భర్త బుడాన్ మంచం మీద ఉన్నాడు. ఒక సాయంత్రం ఆమె చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. అప్పుడే ఫోను మోగింది. మర్నాటి కోతకు పదిమంది కావాలని ఒక రైతు. ఆమె వరండాలోకి వెళ్లి మాట్లాడి వచ్చింది. ఎంతోసేపు కాదు. వచ్చేసరికి బుడాన్ లేడు. చివరికి ఆయన ఏం చెప్పాలనుకున్నాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఆయన పేరున అల్లాను వేడుకుని దువా చేసుకోవడానికే ఇన్నేళ్లకు ఈ ప్రయాణం పెట్టుకుంది. ఆ చోట మాత్రం ఇంకెవరి పిలుపూ వినకూడదని గట్టిగా అనుకుంది.

యాత్రికులను తీసుకెళ్లే మొహిద్దీన్ బాషాది గుంటూరు. జోహరాబీ ఆయన్నే సూటిగా అడిగింది.

"ఫోను లేకపోతే రానివ్వరా అండీ?"

"అలాంటి రూలేం లేదమ్మా. మీ కాగితాలన్నీ మేమే చూసుకుంటాం. కానీ తప్పిపోతే ఏం చేస్తారు?"

"ఏం చెయ్యాలో చెప్పండి. నేర్చుకుంటాను."

హోటల్ పేరూ నంబరూ ఉన్న కార్డు మెడలోంచి తియ్యొద్దని, తప్పిపోయానని తెలిసిన చోటి నుంచి కదలొద్దని ఆయన చెప్పాడు. అక్కడ తాను వాడే నంబరు కూడా ఇచ్చాడు. ఆ పది అంకెలూ జోహరాబీ చేలోనే కంఠతా పట్టింది. కాయ తుంచుతూ, ఒక్కో తుంచుకు ఒక్కో అంకె చొప్పున పైకే చెప్పుకునేది. వారం తిరిగేసరికి ముఠాలో అందరికీ ఆ నంబరు వచ్చేసింది.

బయల్దేరేనాడు పుల్లమ్మ ఫోను చీర కొంగులో ముడేసుకుంటూ అడిగింది. "అక్కా, ఏదన్నా పెద్ద ఇబ్బందొస్తే ఆ బాషాగారి నంబరుకి చెయ్యనా?"

"నా ప్రాణమ్మీదకో నజీర్ ప్రాణమ్మీదకో వస్తే చెయ్యి. కాయకి మాత్రం చెయ్యొద్దు. నీకు తోచింది చెయ్యి."

మక్కాలో మొదటి నాలుగు రోజులూ బాగానే గడిచాయి. అయినా చెయ్యి ఊరికే ఫోను దోపుకునే నడుము దగ్గరికి పోయేది, అక్కడ ఏమీ ఉండేది కాదు. అయిదో రోజు తవాఫ్ కోసం కాబా చుట్టూ ఏడుసార్లు తిరిగి బయటికొచ్చేసరికి తనతో వచ్చిన యాత్రికులు కనబడలేదు. కార్డు కోసం మెడ తడుముకుంది. పొద్దున స్నానానికి పోతూ తీసి మంచం మీదే పెట్టేసింది. కదలొద్దన్న మాట కూడా మరిచిపోయి అరగంట నడిచింది. ద్వారాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒక స్తంభం పక్కన కూలబడింది.

పక్కనే ఒకామె బిడ్డకు నీళ్లు తాగిస్తోంది. జోహరాబీ బొటనవేలు చెవి దగ్గర పెట్టి చూపించింది. ఆమె వెంటనే ఫోను తీసిచ్చింది. అందులో అంకెలు వేరే రూపంలో ఉన్నాయి గానీ వాటి చోట్లు మాత్రం తన బటన్ల ఫోనులో ఉన్నట్టే ఉన్నాయి. నాలుగు అంకెలు నొక్కింది. అయిదోది రాలేదు. మళ్లీ మొదలుపెట్టినా అక్కడే ఆగిపోయింది.

ఫోను ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఎదురుగా మిరపచెట్టు ఉన్నట్టే చేతులు కదిలించింది. తుంచింది, సంచిలో వేసింది, తుంచింది. అంకెలు ఒకటొకటే వచ్చాయి. పదీ నొక్కింది. బాషా గొంతు వినగానే ఫోను ఆ బిడ్డతల్లికే ఇచ్చింది, ఏ ద్వారం దగ్గరున్నారో ఆమే చెప్పింది.

బాషా రావడానికి ముప్పావుగంట పట్టింది. రాగానే కేకలేశాడు. "ఫోనుంటే ఈ తిప్పలుండేవా అమ్మా?"

"ఉండేవి కాదండీ," అని ఒప్పుకుంది జోహరాబీ.

"అయితే ఇదుంచుకోండి," అని తన రెండో ఫోను అందించబోయాడు.

ఆమె దాన్ని చూసింది. "వద్దండీ. కార్డు ఇక తియ్యను. ఒక్కపూట భయపడ్డానని మిగతా తొమ్మిది రోజులూ పోగొట్టుకోలేను."

మర్నాడు తెల్లవారుజామున కాబా ఎదుట చాలాసేపు కూర్చుంది. బుడాన్ పేరు చెప్పుకుంది. ఆ రోజు వరండాలోకి వెళ్లినందుకు క్షమించమని అడిగింది. ఆమెను ఎవరూ పిలవలేదు. తీరిగ్గా, కడుపునిండా ఏడ్చింది.

తిరిగొచ్చిన రోజే పుల్లమ్మ ఇంటికొచ్చింది. ఆమె మొహం బాగాలేదు. పదిరోజుల కిందట మిట్టమధ్యాహ్నం అకాలవర్షం కమ్ముకొచ్చిందట. రెండు కళ్లాల్లో కాయ పరిచి ఉంది. జయరావుగారిది పెద్ద కళ్లం, కౌలు రైతు పేరయ్యది చిన్నది. రెండింటికీ ఒకేసారి పరదాలు కప్పేంతమంది లేరు.

"బాషాగారి నంబరు నాలిక చివరే ఉందక్కా. ఫోను చేతిలోకి తీసుకున్నా. కాయకి చెయ్యొద్దన్నావని మళ్లీ కొంగులో పెట్టేశా. పేరయ్యది బాగా ఎండిన కాయ, రేపో మాపో టిక్కీ బస్తాలకెత్తేది. అదే ముందు కప్పించా. జయరావుగారిది పచ్చికాయేగా, మళ్లీ ఆరుతుందిలే అనుకున్నా. కొంత మచ్చ పడింది. ఇక మనల్ని పిలవనన్నాడు."

జోహరాబీ చెప్పులేసుకుంది. "పద."

జయరావు కళ్లం గట్టునే ఉన్నాడు. యాత్ర బాగా జరిగిందా అని మర్యాదకు అడిగి, వెంటనే అసలు మాటకొచ్చాడు. "నీ దగ్గర ఫోనుంటే ఇలా అయ్యేది కాదు. పుల్లమ్మ నిన్నడిగేది, నువ్వు చెప్పేదానివి."

"చెప్పేదాన్నండీ. పెద్ద రైతు, ఏళ్ల తరబడి పిలుస్తున్న మనిషి అని ముందు మీ కళ్లానికే పొమ్మనేదాన్ని. పేరయ్య కాయంతా కుళ్లిపోయేది. పుల్లమ్మ కాయ చూసి చేసింది. నేనైతే మనిషిని చూసి చేసేదాన్ని."

పుల్లమ్మ తలెత్తి ఆమె వైపు చూసింది. జయరావు ఒంగి గుప్పెడు కాయ తీసుకున్నాడు. మచ్చపడ్డవి నాలుగు, మంచివి పది.

"మచ్చకాయ మేం ఏరిపెడతాం," అంది జోహరాబీ. "ఏరితే మిగిలింది మంచి కాయేనండీ."

"ఎన్నింటికి వస్తారు?" అన్నాడాయన, జోహరాబీ వైపు చూస్తూ.

జోహరాబీ పుల్లమ్మ వైపు చూసింది. పుల్లమ్మ ఒకడుగు ముందుకొచ్చింది.

"ఏడింటికండీ. పన్నెండుమందిమి వస్తాం. పరదాలు మాత్రం ఇక్కడే గట్టు మీద ఉంచండి."