చేతులు చాపి నిలబడ్డ పెద్దమనిషి

మా వీధి చివర టైలరు పోయాడని మొన్న మంగళవారం పొద్దున్న పాలు పోసే అమ్మాయి చెప్పింది. గాలి కాస్త గట్టిగా వీస్తే హార్బరుకి వెళ్లిన కొడుకు తిరిగొస్తాడో రాడో అని గుమ్మంలో నిలబడే మనిషిని నేను. ప్రతిదానికీ ముందే కీడు తోస్తుంది. ఆయన విషయంలో మాత్రం ఏమీ తోచలేదు. ముందురోజు సాయంత్రం కూడా మిషను చప్పుడు విన్నాను.

పూర్ణా మార్కెట్ వెనక మా సందులోనే ఆయన కొట్టు. సాయిబుల ఇంటి మనిషి. నన్ను అక్కా అన్నట్టు అప్పా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. బడి యూనిఫారాలు కుట్టేవాడు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఒక కన్ను మూసి, నాలుక కొస బయటపెట్టేవాడు. అది చూడ్డానికే పిల్లలు కొట్టు మెట్ల మీద కూర్చునేవారు.

పదేళ్లు దాటిన మాట. మా ఇంట్లో హార్బరు సైరను కూస్తే కంచాలు పెట్టడం అలవాటు. మనవరాలు కొత్తగా ఒకటో తరగతిలో చేరింది. టీచరు లెక్క చెబుతుండగా పన్నెండు గంటల సైరను కూసింది. ఈ పిల్ల లేచి, సంచి తగిలించుకుని, “అన్నం టైమైంది టీచర్” అని చెప్పి తిన్నగా ఇంటికి నడిచొచ్చింది. మర్నాడు క్లాసంతా దాన్ని చూసి సైరనులా కూశారట. ఇక బడికి వెళ్లనంది. నాలుగు రోజులైనా కదల్లేదు. బతిమాలాను, తిట్టాను, ఒకటి వేశాను కూడా.

నా బెంగ దేనికో ఇంట్లో ఎవరికీ తెలీదు. చివరికి తమ్ముడికి చెప్పాను.

“రెండో తరగతిలో పంతులుగారు లేపి పద్యం అడిగితే, బయానికి నాను పావడా తడిపేసుకున్నాను. అందరూ నవ్వినారు. మరి బడికెల్లనేదు. ఇదీ నానాగే అయిపోద్దా ఏటి?”

ఆయన నవ్వలేదు. తప్పు పడిన కుట్టేదో విప్పుతున్నాడు. “బ్లేడు మెల్లగా పెట్టాల అప్పా. గట్టిగా నాగితే గుడ్డ సిరిగిపోద్ది. పిల్లనోసారి ఇటు పంపు.”

అది వచ్చి మెట్టు మీద తల దించుకుని కూర్చుంది. ఆయన దానితో కాదు, మిషనుతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు.

“నాను పని నేర్సుకుంటన్నప్పుడు ఒక పెద్దమనిసి కోటు కొలతలకొచ్చాడు. సేతులు సాపండి బాబూ అని, మెడలో టేపేశాను. అంతలో సైరను కూసింది. నాను సరాసరి అన్నానికి ఎల్లిపోనాను.”

పిల్ల తలెత్తింది. “మరి ఆయన?”

“నాను తిని, కూసింత కునుకు తీసి వచ్చేతలికి సేతులు సాపి అలాగే ఉన్నాడు. బుజం మీద కాకి గూడెట్టడానికి సూత్తంది.”

“ఏటన్నాడు తాతా?”

“‘ఈయేల కూరేటి బాబూ?’ అనడిగాడు.”

పిల్ల పడీ పడీ నవ్వింది. మర్నాడు బడికి వెళ్లింది. ఎవరో కూ అంటే రెండు చేతులూ చాపి నిలబడిందట. కూసినవాళ్లూ చాపారట.

“నిజంగా జరిగిందా తమ్ముడూ?” అన్నాను.

“పిల్ల బడికెల్లిందా నేదా? మరి నిజవే.”

ఒక మాట మీకు చెప్పాలి. వీధిలో ఏ పిల్ల పాలచెంబు జారవిడిచినా, ఏ పిల్లాడు చొక్కా తిరగేసి తొడుక్కున్నా, వారం తిరిగేసరికి అది ఆయన చేసిన తప్పయి కథలోకి వచ్చేది. ఒక సాయంత్రం కూరల సంచితో వస్తుంటే వినబడింది: “పంతులు పద్యమడిగితే బయానికి నాను నిక్కరు తడిపేశాను.” నా కాళ్లు ఆగిపోయాయి. పిల్లలు విరగబడి నవ్వుతున్నారు. ఆయన నా వైపు చూడలేదు. ఇన్నేళ్లకి నాకూ నవ్వొచ్చింది. ఆ వారమే మనవరాలి వాచకం దగ్గరికి లాక్కుని, పిల్ల పక్కన కూర్చుని మళ్లీ అక్షరాలు దిద్దాను. ఇది రాస్తున్నది ఆ అక్షరాలతోనే. తప్పులుంటే ఉండనీ.

మంగళవారం మనవరాల్ని వెంటబెట్టుకుని ఆయన కొట్టుకి వెళ్లాను. ఇంటర్ చదువుతోంది ఇప్పుడు. కళ్లు తిరిగి పడిపోతుందేమోనని దారంతా నా భయం. కొట్టు తలుపు సగం వేసి ఉంది. మిషను మీద టేపు వేలాడుతోంది. అంతలో హార్బరు సైరను కూసింది. పిల్ల మెట్టెక్కి, రెండు చేతులూ చాపి నిలబడింది. సైరను ఆగినా దించలేదు.

నేనూ మెట్టెక్కి, దాని పక్కన చేతులు చాపాను.