ఎండ దాటే రెక్క

గుండె ఆపరేషన్ చేయించుకుని హైదరాబాద్ దవాఖాన నుంచి జహీరాబాద్‌కు తిరిగొచ్చాక, బరువులెత్తకూడదు, చేతులతో గట్టిగా నొక్కే పని ఏదీ పెట్టుకోకూడదు అన్నారు డాక్టర్లు. ట్రాక్టర్ల కర్మాగారంలో రంగులు వేసే విభాగంలో నా ఉద్యోగం. రంగు ఆరిన రేకు మీద గీత గానీ, బుడగ గానీ, దుమ్ము చుక్క గానీ కనిపిస్తే వెనక్కి పంపడమే నా పని. అలాంటివాణ్ణి, వరండాలో మంచం మీద పడుకుని గోడ మీది సున్నం పెచ్చుల్ని చూస్తూ కాలం గడపాల్సి వచ్చింది.

నా అవస్థ చూడలేక నా భార్య అటక మీది పెట్టె దింపింది. అందులో ఎప్పుడో కొని దాచిన బాల్సా చెక్క ఉంది. దూదంత తేలికగా ఉంటుంది, మోడల్ విమానాలకు వాడతారు. అప్పటిదాకా నేను చేసినవన్నీ చిన్న విమానాలే. ఈసారి మొదలుపెట్టింది పెద్దది. రెండు రెక్కలూ కలిపితే నేను పడుకున్న మంచం కంటే పొడవు.

చూడటానికి వచ్చినవాళ్లకు నాతో ఏం మాట్లాడాలో తోచేది కాదు. ఎట్లుందని అడిగేవాళ్లు. బాగానే ఉందనేవాణ్ణి. ఆ తర్వాత నేను చెక్క పలకను మెల్లగా నున్నగా రుద్దుకుంటూ ఉండేవాణ్ణి. ఒకరోజు, డ్యూటీలో నా పక్కన నిలబడే సహోద్యోగి వచ్చి, నా చేతిలోని గరుకు కాగితం లాక్కున్నాడు.

“అన్నా, గిది నేను రుద్దుత. నువ్వు ఊకె ముచ్చట చెప్పు.”

అక్కడి నుంచి అదే అలవాటైంది. వచ్చిన ప్రతివాళ్ల చేతికీ ఒక రిబ్ ఇచ్చేవాణ్ణి. రిబ్ అంటే రెక్క లోపల అడ్డంగా నిలబడే పలుచని పలక. మా వీధి చివర కిరాణా కొట్టాయన ఒకటి మరీ ఎక్కువ రుద్ది సన్నబరిచేశాడు. మా వదిన ఒకదానికి జిగురు కారేలా పూసింది. న్యాల్‌కల్ దగ్గర అల్లం సాగు చేసే పటేలు, ఏళ్లుగా నన్ను తన చేలో విమానాలు ఎగరేసుకోనిచ్చే మనిషి, తన రిబ్‌ను ఏకంగా తలకిందులుగా అతికించబోయాడు. అలా నవ్వుల మధ్య రోజులు గడిచిపోయాయి. ఛాతీ నొప్పి ఎప్పుడు తగ్గిందో నాకే తెలియలేదు.

చెక్క పని పూర్తయింది. దాని మీద పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్ పరిచి, ఇస్త్రీపెట్టెతో వేడి చేసి అతికించాలి. నేను దట్టమైన తెలుపు అనుకున్నాను. లోపలి అతుకులు, జిగురు మరకలు అన్నీ దాని కింద దాగిపోతాయి. కర్మాగారంలో నేర్చుకున్న బుద్ధి అది.

నా భార్య ఒప్పుకోలేదు.

“అన్నీ కప్పేస్తవా? అక్క పూసిన జిగురు ఏడుందో నాకు ఎరికే. పటేల్ సాబ్‌ది ఏదో గూడ ఎరికే. అవి కనవడాలె. అద్దం లెక్క ఉండేది దొరకదా?”

“దొరుకుతది. కానీ అన్నీ కనవడ్తయి.”

“గందుకే అడుగుతున్న.”

పుణెలో ఫిల్మ్ అమ్మే ఆయనకు ఫోన్ చేశాను. తక్కువ వేడికే అతుక్కునే పలుచని రకం చిన్న విమానాలకు చాలన్నాడు. పెద్ద రెక్కలో రిబ్‌ల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి ఎండకు అది సాగి ముడతలు పడొచ్చట. ఎక్కువ వేడి తట్టుకుని బిగుసుకునే గట్టి రకం తీసుకోమన్నాడు. “పారదర్శకం మాత్రం ఆలోచించుకోండి, ఆకాశంలో కలిసిపోతుంది” అని హెచ్చరించి, నాలుగు పారదర్శక ముక్కలు, ఒకటి రంగులేనిది, మూడు రంగులవి, కొరియర్‌లో పంపాడు.

ఆ మాట నన్ను ఇబ్బంది పెట్టింది. ఎగిరేటప్పుడు విమానం ఎటు ఒరిగిందో కంటికి తెలియకపోతే చేతిలో రిమోట్ ఉండీ లాభం లేదు. అంతమంది కలిసి చేసినదాన్ని నేలకేసి కొట్టుకోవడం నాకిష్టం లేదు. అందుకని పరీక్షించి చూద్దామనుకున్నాను.

సహోద్యోగి వెదురు బద్దలతో చట్రాలు కట్టి, ఫిల్మ్ ముక్కలు బిగించి, పొడుగాటి కర్రలకు తగిలించాడు. సెలవు రోజున అందరం పటేలు చేనుకు వెళ్లాం. అల్లం తవ్వేసిన చేను, ఎర్రమట్టి గుల్లగా ఉంది. నా భార్య, సహోద్యోగి కర్రలు పైకెత్తి పట్టుకుని దూరంగా నడుస్తూ వెళ్లారు. నేను, పటేలు గట్టు మీద కూర్చున్నాం. దారిన పోయేవాళ్లు ఆగి, ఏ జాతర జెండాలోనని చూశారు.

రంగులేని ముక్క ముందే మాయమైంది.

“ఏడున్నదయ్యా? నాకు కట్టెనే కనవడ్తంది!” అన్నాడు పటేలు.

నీలం కాసేపట్లోనే ఆకాశంలో కరిగిపోయింది. ఎరుపు దగ్గర్లో బాగానే మెరిసింది గానీ, దూరం వెళ్లాక నల్లబడింది. పసుపు మాత్రం నిలబడింది. ఎండ వెనక నుంచి పడితే వెలిగింది, మబ్బు కమ్మినా పోలేదు. నా భార్య చేను అవతలి కొస నుంచి అరిచింది.

“కనవడ్తందా?”

“కనవడ్తంది! వచ్చెయ్, ఇగ చాలు!”

పసుపు ఖాయమైంది. పైనా కిందా ఒకేలా ఉంటే తిరగబడినప్పుడు తెలియదు కాబట్టి, రెక్కల అడుగున మాత్రం వెడల్పాటి నల్ల పట్టీలు వేయాలనుకున్నాను.

అతికించే ముందు పెన్సిల్ గీతలన్నీ చెరిపాం, తడిగుడ్డతో దుమ్ము తుడిచాం. ఫిల్మ్ కింద వెంట్రుక ఉన్నా కనిపిస్తుంది. వదిన జిగురు మచ్చను నా చేయి గీకబోతే నా భార్య కళ్లతోనే ఆపింది. నేను నొక్కకూడదు కాబట్టి ఇస్త్రీ ఆమే చేసింది. మొదటి రెక్క చివరంతా ముడతలు పడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“పాడు చేసిన.”

“ఏం పాడు గాలేదు. జర వేడి చేసి గుంజుదాం, మల్ల వేద్దాం.”

రెండోసారి మధ్య నుంచి అంచులకు లాగుతూ అతికించింది. రిబ్‌ల మధ్య చిక్కుకున్న గాలి వేడికి ఉబ్బితే, ఫిల్మ్‌కు అడుగు వైపు సూదితో చిన్న చిన్న రంధ్రాలు పొడిచాం. ఫిల్మ్ బిగుసుకుని డప్పులా మోగింది. కిటికీకి ఆనించి నిలబెడితే అందరి రిబ్‌లూ వరసగా కనిపించాయి. డ్యూటీలో అయితే వెనక్కి పంపించేసేవాణ్ణి. కానీ ఆ పూట ఎంతసేపు దాని ముందు కూర్చున్నానో నాకు గుర్తులేదు.

చలికాలం ఉదయం, గాలి లేని వేళ, ఎగరేశాం. పని చేసినవాళ్లందరూ వచ్చారు. మోటారు హోరెత్తింది, మట్టి లేచింది, విమానం చేను మధ్యలో నేల విడిచింది. మలుపు తిరిగి మా తలల మీదుగా వస్తుంటే ఎండ రెక్కలోంచి దిగి, లోపలి పలకలన్నీ తేనె రంగులో తేలాయి.

“అగో నాది! అగో!” అని సహోద్యోగి అరిచాడు. ఏది ఎవరిదో ఆ ఎత్తులో ఎవరికీ తెలియదు. అయినా అందరూ తమది చూపించుకున్నారు. రిమోట్ నా చేతిలోనే ఉంది. ఇంకోసారి ఇలా నిలబడతాననుకోని రోజులు మనసులో మెదిలాయి. ఆ రోజుల్లో మా వరండాకు వచ్చి కూర్చున్న ఒక్కొక్కరికీ లోలోపలే దండం పెట్టుకున్నాను.

దిగేటప్పుడు చక్రం గుల్ల మట్టిలో కూరుకుని, ఎడమ రెక్క ఓ మోడుకు తగిలి ఫిల్మ్ కొంచెం చిరిగింది. పటేలు నాకంటే ఎక్కువ కంగారుపడ్డాడు. అక్కడికక్కడే చిన్న ముక్క అతికించాం.

మేం సర్దుకుంటుండగా, ఝరాసంగం వైపు వెళ్లే షేర్ ఆటో ఒకటి ఆగింది. అందులోంచి ఓ ముసలమ్మ దిగొచ్చి రెక్క చుట్టూ తిరిగింది.

“దీంట్ల ఎవరు కూసుంటరు బిడ్డా?”

“ఎవ్వరు కూసోరు అవ్వా. ఊకెనే ఎగురుతది” అంది నా భార్య.

ముసలమ్మ తన చేతిని రెక్క కిందికి పోనిచ్చి, పసుపులోంచి తన వేళ్లనే చూసుకుంది. అటూ ఇటూ తిప్పి నవ్వింది.

“మంచిగున్నది. ఎండల పెట్టకురి, లోపటికి తోల్కపోరి.”

ఆటో డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆమె మాత్రం తొందరపడకుండా, ఇంకోసారి చేయి కింద పెట్టి చూసుకునే వెళ్లింది.