వెనక టైరు లోపలి అంచు

మా ముత్తాత ఉద్దనపల్లి చుట్టుపక్కల ఏడు ఊళ్లకు మిట్టాదారు, అంటే చిన్నపాటి జమీందారు. మా తాత ఎదుట ఎవరూ కూర్చునేవారు కాదు. తొంభైల చివరికి నాకు మిగిలింది నాన్న కొన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు.

హోసూరులో వీల్ అలైన్‌మెంట్ చేసే ఆయనకు ఒక అలవాటుండేది. కారు తాళం జేబులో వేసుకుని, టైర్ల లోపలి అంచును యజమాని చేత్తో తడిమించాకే తిరిగిచ్చేవాడు.

ఆ ఉదయం నా కూతురిని పరీక్షకు కృష్ణగిరి తీసుకెళుతూ, వెనక ఏదో హోరు వినిపించి ఆయన దగ్గర ఆగాను.

"బయట బాగానే ఉండాది కదప్పా. తాళమియ్యి, టైమైపోతా ఉంది" అన్నాను.

"వెనక చక్రాలు లోపలికి వాలిపోయినాయి. వంగి చెయ్యి పెట్టి చూడు దొరా, నడుమేం విరిగిపోదులే."

కూతురు గడియారం చూసుకుంటోంది. నేను నూనె మరకల నేల మీద మోకాళ్లూని చెయ్యి చాచాను. రబ్బరు అరిగి బయటపడిన తీగ వేలికి గుచ్చుకుంది.

"పాపను కూర్చోబెట్టుకొని ఈ టైర్లతో శూలగిరి ఘాటు దిగుతావా?" అని తాళం నా చేతిలో పెట్టాడు.

కొత్త జత కొనే స్థోమత లేదని ఆయనకు చెప్పలేదు. పరీక్షకు బస్సులో వెళ్లాం. ఆ నెలలోనే కారును బెంగళూరు వ్యాపారికి అమ్మాను.