మావయ్య అడగమన్న శృతి

మా మావయ్యది పోర్టులో సిగ్నల్ ఇచ్చే పని. ఓడ పక్కన నిలబడి, పైన క్రేన్‌లో కూర్చున్నవాడికి ఎత్తమనీ దించమనీ చెప్పాలి. అందరూ చేతులు ఊపేవారు. ఆయన మాత్రం ఒక్క కేక వేసేవాడు. అంత లోతైన, బరువైన గొంతు.

సెలవు దొరికితే ఎలమంచిలి వైపు ఊళ్లకు పద్యనాటకాలు ఆడటానికి వెళ్లేవాడు. ఆ గొంతుకి ఇరవై ఏళ్లుగా దక్కినవి రాక్షసుల వేషాలు, యమకింకరుల వేషాలే. పద్యనాటకంలో ఎంత పై శృతిలో పాడితే అంత గొప్ప నటుడు. రాజు వేషాలు సన్నటి గొంతువాళ్లకి పోయేవి. మావయ్య గద పట్టుకుని పళ్లు నూరి, మూడో రంగంలో చచ్చిపోయేవాడు.

నేను డిగ్రీ చదువు కోసం పద్మనాభం ఊరి పక్కనుండే మా పల్లె నుంచి వచ్చి ఆయన క్వార్టర్‌లో ఉండేదాన్ని. సాయంత్రాలు నా చేత హార్మోనియం వాయించుకుని సాధన చేసేవాడు. "ఈ రాచ్చసుడి పాటకి పాలిరిగిపోతన్నాయే" అనేది అత్తయ్య. నాకు వాయించడం పెద్దగా రాదు. కానీ ఆయన గొంతు ఏ మెట్టు దగ్గర హాయిగా ఉంటుందో, ఏ మెట్టు దాటితే మెడ నరాలు లేస్తాయో నాకు బాగా తెలుసు.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. అక్కడి ఆఫీసులో పనిచేసే ఒకాయన గోపాలపట్నంలో ఆర్కెస్ట్రా నడిపేవాడు. నాటకంలో మావయ్యను విని, మా పోర్టు కాలనీ వార్షికోత్సవంలో ఒక సినిమా పాట పాడమని అడిగాడు. భార్య పోయిన మనిషి ఒంటరిగా పాడుకునే నెమ్మదైన పాట. మావయ్య తెల్లచొక్కా కుట్టించుకున్నాడు.

"ఒక్కసారి మీసం అంటించకండా, గద పట్టకండా పాడాలే కోడలా. నాను కూడా మనిసినేనని జనానికి తెలాల."

రిహార్సల్‌కి నన్నూ తీసుకెళ్లాడు. మేడ మీద చిన్న గది. గిటారు, ట్రంపెట్, డ్రమ్ములు, అకార్డియన్‌తో ఆ ఆర్కెస్ట్రా ఆయన. వాళ్లు పాటను రికార్డులో ఉన్న శృతిలోనే నేర్చుకున్నారు. మొదటి చరణంలోనే మావయ్య గొంతు పైకి అందక చీలింది. నాటకంలో అయితే హార్మోనియం అతను నటుడి మొహం చూసి తనే శృతి మార్చేస్తాడు, అడగాల్సిన పని ఉండదు. ఇక్కడ ఎవరి కాగితం వాళ్లు చూసుకుంటున్నారు.

టీ కోసం ఆపినప్పుడు మావయ్య నన్ను వరండాలోకి పిలిచాడు.

"నాలుగు మెట్లు దించమని ఆయనకి సెప్పు."

"మీరే చెప్పండి మావయ్యా."

"నానడిగితే నామోసీ కాదేటి? ఇన్నేళ్ల నటుడు శృతి దించమన్నాడని నవ్వరా? సదువుకున్న పిల్లవి, నీ మాటగా సెప్పు."

లోపలికి వెళ్లాను. ఆరుగురు మగవాళ్లు. గిటారు అతను ట్రంపెట్ అతనితో, "రాచ్చసుడు పాడితే మన మైకు ఉంటాదంతావా బావా, పేలిపోద్దంతావా?" అంటున్నాడు. అందరూ నవ్వుతున్నారు. అకార్డియన్ ఆయన నన్ను చూసి నవ్వు ఆపేశాడు.

"ఏటమ్మా, ఏదైనా సెప్పాలా?"

ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఏం లేదండీ. మంచినీళ్లు..."

ఆయనే లేచి గ్లాసు అందించాడు.

వరండాలో మావయ్య, "సెప్పావా?" అన్నాడు.

"చెప్పాను."

"ఏటన్నాడు?"

"సరేనన్నారు."

కాసేపటికి కరెంటు పోయి రిహార్సల్ అక్కడితో ఆగింది. ఇంటికి వచ్చి డైరీలోంచి కాగితం చింపి, శృతి సంగతి రాశాను. వార్షికోత్సవం నాడు స్టేజి వెనక ఆర్కెస్ట్రా ఆయన చేతిలో పెడదామనుకున్నాను. అక్కడ డాన్సు పిల్లల గందరగోళం. ఆయన రెండు చేతుల్లోనూ వైర్లు ఉన్నాయి. చీటీ నా పిడికిట్లోనే చెమటకి నానిపోయింది.

వాయిద్యాలు ఎత్తుకున్నాయి. పాత శృతే. మావయ్య ఒకసారి అకార్డియన్ వైపు చూశాడు. పాడమన్నట్టు ఆయన తల ఊపాడు. పల్లవిని ఎలాగో లాక్కొచ్చాడు. చరణంలో గొంతు విరిగింది. ఇక చేసేది లేక తన కింది గొంతులోకి దిగిపోయాడు. ట్రంపెట్ కింద మాటలు మునిగిపోయాయి.

"గదేదీ మావా? ఇంటికాడ మర్సిపోనావేటి!" అని ఎవరో అరిచారు. ఈలలు, నవ్వులు.

మధ్యలో ట్రంపెట్ ఆగిన ఒక్క వాక్యం మాత్రం స్పష్టంగా వినిపించింది. నా పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్న ముసలామె మాట ఆపి స్టేజి వైపు చూసింది. అంతలో ట్రంపెట్ మళ్లీ అందుకుంది. మావయ్య పాట పూర్తిచేసి, నమస్కారం పెట్టి దిగాడు.

"నలుగుర్లో నవ్వులపాలు సెయ్యాలనే సేసాడు. సరేనని మాటిచ్చి మరీ!" అన్నాడు ఆ రాత్రి అత్తయ్యతో. నేను అక్కడే అన్నం వడ్డిస్తున్నాను.

నెల తర్వాత ఆర్కెస్ట్రా ఆయన సైకిల్ మీద మా క్వార్టర్‌కి వచ్చాడు. పెరట్లో ఉన్న మావయ్య లేనని చెప్పమని నన్ను గేటు దగ్గరికి పంపాడు.

"ఆరోజు తప్పు నాదేనమ్మా. ముందు ఆయన శృతి కనుక్కోవాల్సింది. ఒక్క మాట అనుంటే మార్చేసోళ్లం. మళ్లీ పోగ్రాం ఉంది, ఈసారి ఆయన శృతిలోనే. నామీద కోపంగా ఉన్నారంట, దేనికో నీకేటైనా తెలుసా?"

"తెలీదండీ," అన్నాను.

పెరట్లోకి వెళ్తే మావయ్య తోటకూర మళ్లలో నీళ్లు పోస్తున్నాడు. "ఏటన్నాడు?" అన్నాడు తలెత్తకుండా.

"ఏమీ అనలేదు."

మావయ్య మళ్లీ ఏ ఆర్కెస్ట్రాతోనూ పాడలేదు. రాక్షస వేషాలకి మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు వెళ్లాడు. ఇప్పటికీ ఇంటికి వచ్చినవాళ్లెవరైనా ఆ పాట సంగతి ఎత్తితే, అంత మోసగాణ్ని ఎక్కడా చూడలేదంటాడు. నమ్మకపోతే నావైపు చెయ్యి చూపిస్తాడు.

"నాను సెప్పడవెందుకు, ఈ పిల్లనడుగు. ఆడికి సెప్పిందే మా కోడలు."

వాళ్లు నావైపు తిరుగుతారు. నేను తల ఊపుతాను.