తువ్వాలు కింది నుదురు

రిటైరవడానికి మూడేళ్ల ముందు, మామిడి కోతలు మొదలైన నెలలో, చాట్రాయి వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసరుగా చేరాను. కాయ తుంచినప్పుడు చిమ్మే సొన చర్మాన్ని కాలుస్తుంది. అందుకని అక్కడి తోటల్లో మగవాళ్లు తువ్వాలును కనుబొమల దాకా దించి కట్టుకుంటారు.

ఒక ఉదయం పదింటికి వెంకటేశు అనే కోత కూలీని అతని భార్య నాగమణి తీసుకొచ్చింది. మూతి ఎడమకు లాగేసి ఉంది. సొన పడి కుడికన్ను వాచింది. అలాంటి మూతులు ఆ నెలలో రెండు చూశాను. రెండూ ముఖానికి వచ్చే నరం వాచినవే, మాత్రలతో తగ్గేవే. "పది రోజులాగి రండి" అని చీటీ రాసేశాను. నాకు తొందరెక్కువ, అంతా తెలుసన్న ధీమా ఇంకా ఎక్కువ.

స్టాఫ్ నర్సు రూతమ్మ గారు మాత్రం, "ఆ తువ్వాలు తియ్యవయ్యా, సొన తుడుస్తాను" అన్నారు. తడి దూది తగలగానే మంటకి అతను కనుబొమలు ఎత్తాడు. నుదుటి మీద ముడతలు రెండు వైపులా సమానంగా లేచాయి. నేను రాసిన చీటీ తీసుకుని చించేశాను.

నుదుటి కండరాన్ని మేము ఫ్రంటాలిస్ అంటాం. పల్చటిది, ఎముకను పట్టుకుని ఉండదు. కనుబొమలు ఎత్తడం దాని పని. దానికి మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు అందుతాయి, ఒక వైపు దెబ్బతిన్నా రెండోది దాన్ని కదిలిస్తుంది. ముఖనరం వాస్తే ఆ వైపు నుదురు కూడా కదలదు. మూతి వంకరపోయి నుదురు మాత్రం బాగా ముడతపడితే, దెబ్బ మెదడులో ఉందేమోనని అనుమానించాలి. అది పక్షవాతం.

చేతులు చాపమన్నాను. కుడిచెయ్యి కిందికి వాలిపోయింది.

"ఎనిమిదింటప్పుడు చేతిలోంచి చిక్కం జారిపోయిందండీ. సొన మంటకేమో అనుకున్నాం" అంది నాగమణి. చిక్కం అంటే కాయలు కోసే వల కట్టిన గడ. ఆ సంగతి ముందే అడగాల్సింది నేను.

మెదడులో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. రెండు గంటలు అప్పటికే పోయాయి. అంబులెన్సులో విజయవాడ పంపాం. సమయానికి చేరారు.

మరుసటి ఏడాది కోతలకి వెంకటేశు మళ్లీ చిక్కం పట్టాడు. బీపీ మాత్రల కోసం వచ్చినప్పుడు, గుమ్మంలోనే తువ్వాలు తీసి, "మీరు కనిపెట్టబట్టి బతికానండీ" అన్నాడు. కనిపెట్టింది రూతమ్మ గారి దూది అని చెప్పాను. చించేసిన చీటీ సంగతి చెప్పలేకపోయాను, సిగ్గేసింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, తలకి కట్టింది తీయించకుండా ఎవరి ముఖమూ చూడలేదు.