మేకుకు వేలాడే తాళంచెవి

మొన్న మా ఫ్లాటుకు రంగులు వేయడానికి వచ్చినతను గోడమీద మేకుకున్న చిన్న తాళంచెవిని తీసి, "ఇది దేనిదండీ?" అని అడిగాడు. మా ఆవిడ వంటింట్లోంచే, "రంగు ఆరాక మళ్ళీ అక్కడే పెట్టెయ్ బాబూ, అది మా వారిది" అంది. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. ఆ తాళంచెవి ప్రస్తావన వచ్చినప్పుడల్లా నా కళ్ళజోడుకు మురికి పడుతుంది.

పెళ్ళయిన కొత్తలో రాజమండ్రిలో కాపురం. నేను కాలేజీలో లెక్చరర్ని. ప్రశ్నలు వేయడమే ఉద్యోగం. అయినా మా ఆవిడను ఒక్క ప్రశ్న అడగలేకపోయాను. పాలకొల్లు నుంచి తనకు ఉత్తరం వచ్చిన రోజున ట్రంకుపెట్టె తీసి, అందులో దాచి, కళ్ళు తుడుచుకుని తాళం వేసేది. తాళంచెవి మెళ్ళో గొలుసుకు, పిన్నీసుతో. ఎవరు రాస్తున్నారన్నది నన్ను తినేసింది. తను బ్రిడ్జి దాటి కొవ్వూరులో అక్కగారింటికి వెళ్ళిన రోజు చూసి, బజారులో గొడుగులూ తాళాలూ బాగుచేసే పెద్దాయన్ని ఇంటికి తీసుకొచ్చాను. తాళంచెవి పోయి నెలయిందన్నాను. చదువుకున్నవాణ్ణి కదా, అబద్ధం తడబడకుండా వచ్చింది.

ఆయన ఇంకా పళ్ళు కోయని తాళంచెవికి దీపం మంటమీద నల్లగా మసి పట్టించి, తాళంలో పెట్టి, కాస్త తిప్పి, బయటికి తీసి వెలుగులో చూశాడు. మసి చెరిగిన చోటల్లా ఆకురాయి పెట్టాలట. కానీ మొదటిసారి తీసేసరికే మసి జిడ్డుగా తడిసి ఉంది. "నెల్రోజులన్నారు కదండీ. తాళంలో వేసిన కొబ్బరినూనె తడి ఇంకా ఆరలేదే" అన్నాడు. నేను కిటికీలోంచి వీధిని చాలా శ్రద్ధగా చూశాను. ఆయన మళ్ళీ మసి పట్టించి, అరగదీస్తూ, తిప్పుతూ గంటసేపు కూర్చున్నాడు. చివరికి తాళం టక్కుమని ఊడింది. చెయ్యి చాపాను. ఆయన తాళాన్ని మళ్ళీ నొక్కేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మూతమీద తెల్లరంగుతో రాసిన మా ఆవిడ పుట్టింటి పేరు చూపించి, "పెట్టె అమ్మగారిదండీ. ఆవిడ చేతికే ఇస్తాను" అన్నాడు.

"నేను ఆవిడ భర్తనండీ."

"అందుకేనండీ."

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. "అమ్మా, పోయిందన్న మీ తాళంచెవండీ." మా ఆవిడ చెయ్యి ఒక్కసారి గొలుసుమీదికి వెళ్ళి వచ్చింది. ఆయన్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. నేను పేపర్లో వాతావరణం చదువుతున్నాను. గోదావరి జిల్లాల్లో పొడిగా ఉంటుందట. ఆయన వెళ్ళాక, నా చొక్కా తగిలించే మేకుకు ఆ తాళంచెవిని వేలాడదీసి, "అడిగితే నేనే తీసి చూపించేదాన్ని కదండీ" అంది. అంతే. ఆ సాయంత్రం కాఫీ వేళకే వచ్చింది, పంచదార కూడా సరిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఏడు ఇళ్ళు మారాం. ప్రతి ఇంట్లోనూ మా ఆవిడ దేవుడి పటం కంటే ముందు ఆ మేకే కొట్టించింది. ట్రంకుపెట్టె తుప్పుపట్టి పాత ఇనుములోకి వెళ్ళిపోయింది. అందులో ఏముండేదో నేను అడగలేదు, తను చెప్పలేదు. కాలం అన్నిటినీ మరిపిస్తుందంటారు. మా ఇంట్లో దానికి ఆ పని ఎవరూ అప్పజెప్పలేదు.