మాథేరాన్ కొండ మీద ఇమ్మానుయేల్ నోరు తెరిచిన రోజు

ఇమ్మానుయేల్‌కు మాటలు రావని ఎవరైనా చెబితే నమ్మకండి. భివండిలో, నాగావ్ కార్ఖానాల్లో, అతనంత వాగుడుకాయ ఇంకొకడు లేడు. కాకపోతే ఆ వాగుడంతా పెదవులతోనే. నలభై ఎనిమిది మరమగ్గాలు, వాళ్ళ భాషలో సాంచలు, ఒక్కసారిగా ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడ అందరూ పెదవులు కదిలిస్తారు, కళ్ళతో వింటారు. ఇమ్మానుయేల్ ఆరు సాంచలు చూసుకుంటూ, తెగిన పోగులు ముడేస్తూ, అవతలి గోడ దగ్గర కండెలు చుట్టే ఆడవాళ్ళ దాకా జోకులు పంపేవాడు. వాళ్ళు కండెలు వదిలేసి పొట్టలు పట్టుకునేవాళ్ళు.

జగిత్యాల పక్క పల్లె నుంచి పదహారో ఏట తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చాడు. పద్నాలుగేళ్ళు ఆ చప్పుడులోనే గడిచాయి. దాంతో ఏమైందంటే, బయట నిశ్శబ్దంలో అతని గొంతు అతనికే పరాయిదైపోయింది. తెరిస్తే కేక, మూస్తే మౌనం, మధ్యలో ఇంకేమీ లేదు. అడిగి నవ్వులపాలవడం ఎందుకని చాయ్ దుకాణంలో కూడా వేలు చూపించి చాయ్ తెప్పించుకునేవాడు.

ఇంతకీ హెప్సిబా సంగతి చెప్పలేదు కదూ. ఆమె అదే కార్ఖానాలో కండెలు చుట్టేది. ఇమ్మానుయేల్ ఒక జోకు వేస్తే రెండు తిప్పికొట్టేది. రెండేళ్ళుగా వాళ్ళిద్దరూ సాంచల మీదుగా లోకంలో ఉన్న విషయాలన్నీ మాట్లాడుకున్నారు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ అక్కడ ఎలా అడుగుతాడు చెప్పండి? పెదవి కదిపితే షెడ్డులో ఉన్న ప్రతి కన్నూ చదివేస్తుంది. బయట అడుగుదామంటే గొంతు లేదు. ఈ రెండేళ్ళలో ఆ మహానుభావుడు సాధించిందల్లా ఒక్కటే. హెప్సిబా తల్లి మార్తను అంతకుముందు పెద్దమ్మా అని పిలిచేవాడు. అలా పిలిస్తే హెప్సిబా చెల్లెలైపోతుందని ఒకరోజు తట్టి, గుండె ఆగినంత పనై, అప్పటి నుంచి అత్తమ్మా అనడం మొదలుపెట్టాడు.

ఇలా ఉండగా షోలాపూర్ నుంచి ఒక సంబంధం వచ్చింది. శనివారం చూసుకోవడానికి వస్తామన్నారు. హెప్సిబా బుధవారం నాడు కండె చేతిలో పట్టుకుని, పెదవులు కదపకుండా, అతని వైపు చూసిన చూపు ఉంది చూశారూ, దానికి ఇమ్మానుయేల్ రెండు పోగులు తప్పు ముడేశాడు. గురువారం ఎలాగూ సాంచల మధ్యే, మిగిలింది శుక్రవారం ఒక్కటే. ఆ రోజు కార్ఖానాలకు సెలవు, తెలుగు చర్చి వాళ్ళంతా మాథేరాన్ పిక్నిక్ పోతున్నారు. అడిగితే అక్కడే అడగాలి, లేకపోతే పిల్ల షోలాపూర్ పోయినట్టే.

అది రెండువేల ఒకటో సంవత్సరం, ఆగస్టు. కళ్యాణ్‌లో లోకల్ ఎక్కారు. రైలు చప్పుడులో అడిగేద్దామనుకుంటే ఆడవాళ్ళు లేడీస్ పెట్టెలో కూర్చున్నారు. నేరల్‌లో దిగితే వానాకాలం కాబట్టి కొండెక్కే చిన్న రైలు బంద్. జీపులు పట్టుకుని మలుపులు తిరుగుతూ, పొద్దున తిన్న అటుకుల పోహాలు కూడా కడుపులో తిరుగుతూ, దస్తూరీ నాకా చేరారు. అక్కడితో సరి. అటుపైన మోటారన్నది అడుగు పెట్టకూడదు. గుర్రం ఎక్కు, లేదా నడువు.

ముప్పై మంది ఎర్రమట్టిలో నడిచారు. రెండు పక్కలా అడవి, నేరేడు చెట్లు, కరక్కాయ చెట్లు, కొమ్మ కొమ్మకూ పాకిన నాచు. మంచు తెరలు మనుషుల మధ్య నుంచే నడిచి పోతున్నాయి. మాథేరాన్ అంటే మరాఠీలో తల మీది అడవి అని, దేవుడు ఎంత తీరుబడిగా చేశాడో చూడండని పేతురు పాస్టర్ గారు పరవశించిపోయారు. ఆయన కూడా ఒకప్పుడు సాంచలు నడిపినవారే. "గీ తేమల సాంచ పెడితే పోగు తెగనే తెగది," అని వెంటనే అన్నారు. అందరూ గాలిని పీల్చి, చేతులతో పట్టి చూసి, అవునవునన్నారు.

మార్త మాత్రం ఉన్నట్టుండి ఆగిపోయింది. చెవి మీద రెండు దెబ్బలు కొట్టుకుని, "అవ్వో, కరెంటు పోయినట్టున్నదే!" అంది. అందరూ ఒక్క క్షణం నిజమేననుకున్నారు. మోటారు లేదు, మగ్గం లేదు, హారన్ లేదు. ఆకు మీద నుంచి ఆకు మీద చినుకు జారే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. భివండిలో అంత నిశ్శబ్దం కరెంటు పోతే తప్ప రాదు మరి.

ఆ నిశ్శబ్దంలో ఇమ్మానుయేల్‌కు గొంతుతో అడగడం తప్ప దారి లేదు. అయినా తెగించి, హెప్సిబా పక్కకు జరిగి, తాను గుసగుస అనుకున్న దానితో, "నీతోని ఒక మాటున్నది," అన్నాడు. అది గుసగుస కాదు, దండోరా. ముందున్న ఇరవై మంది వెనక్కి తిరిగారు.

"ఏం మాట కొడుకా?" అంది మార్త.

"చెప్పు... చెప్పు తెగింది అత్తమ్మా," అని ఇమ్మానుయేల్ బంగారం లాంటి చెప్పును చేతిలో పట్టుకుని, అరమైలు ఒంటికాలి చెప్పుతో నడిచాడు. హెప్సిబా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

భోజనాలకు కూర్చున్నారు. పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టగానే అందరూ కళ్ళు మూసుకున్నారు, కోతులు తప్ప. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి పులిహోర డబ్బా మర్రికొమ్మ మీద, ఎవరికీ అందని చోట ఉంది. తర్వాత ఎకో పాయింట్. ఒక్కొక్కరు పేరు పెట్టి అరుస్తుంటే అవతలి కొండ తిరిగి పిలుస్తోంది. ఇమ్మానుయేల్ వెనక నిలబడి, ఎవరికీ వినపడదని, తనలో తాను గొణుక్కుంటున్నాననుకుని "హెప్సిబా" అన్నాడు. కొండ "సిబా... సిబా..." అంది. తలలన్నీ తిరిగాయి. చచ్చాంరా దేవుడా అని ఇమ్మానుయేల్ గబగబా "మార్తా! పేతురూ! యోహానూ!" అంటూ గుర్తొచ్చిన పేర్లన్నీ కేకేసి పారేశాడు. పిల్లవాడికి భక్తి ముదిరిందని పాస్టర్ గారు సంతోషించారు.

పొద్దు వాలే వేళకు చార్లెట్ చెరువు దగ్గరికి వచ్చారు. అక్కడుంది అసలు కథ. వానలకు చెరువు నిండి, కట్ట పొర్లి, నీళ్ళు లోయలోకి దూకుతున్నాయి. ఆ హోరు! అచ్చం నాగావ్ కార్ఖానా. పైగా దట్టమైన మంచు, పది అడుగుల అవతల మనిషి కనపడడు. హోరుంది కాబట్టి గొంతు అక్కర్లేదు, మంచుంది కాబట్టి చదివేవాళ్ళు లేరు. ఇమ్మానుయేల్‌కు ఒళ్ళంతా పులకరించింది. ఎదురుగా, చేతికందేంత దూరంలో, హెప్సిబా ఒక్కతే నీళ్ళలో కాళ్ళు పెట్టి నిలబడి ఉంది.

"నన్ను చేసుకుంటవా?" అన్నాయి అతని పెదవులు.

"ఏంది? మళ్ళ చెప్పు," అన్నాయి ఆమె పెదవులు. అర్థం కాక కాదు, కొంటెతనం.

అంతే, రెండేళ్ళ కట్ట తెగింది. "నన్ను చేసుకో. ఆ షోలాపూరోడు వద్దు. నువ్వు నవ్వుతె నాకు ఆరు సాంచలు కాదు, పన్నెండు నడుపబుద్ధి అయితది. నువ్వు రాని దినం పోగులన్ని తెగుతయి. మీ ఇంటికి వచ్చి అడుగుదమంటె మీ అమ్మను జూస్తె దడ. ఆమె గుడ్లురిమిందంటె నాకు జొరమొస్తది. కని ఆమెను గూడ మంచిగ చూసుకుంట, ఒట్టు!" చేతులూపుతూ, కళ్ళు తిప్పుతూ, మార్త గుడ్లురిమితే ఎలా ఉంటుందో చేసి మరీ చూపించాడు.

హెప్సిబా కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతూ, "సరే అంటున్న గదా, సరే!" అంది. తర్వాత ఆమె ముఖం ఎందుకో మారింది. అతని భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. ఇమ్మానుయేల్ తిరిగాడు.

గాలి ఎప్పుడు కొట్టిందో, మంచు ఎప్పుడు విడిపోయిందో అతనికి తెలియదు. చెరువు కట్ట వంపు తిరిగిన చోట, అతని ముఖం పక్క నుంచి చక్కగా కనపడేలా, మిగతావాళ్ళంతా గొడుగులు పట్టుకుని వరసగా కూర్చుని ఉన్నారు. అందరూ సాంచల మనుషులే. ఒక్క ముక్క కూడా వదలకుండా చదివారు. మధ్యలో ఇరవై రెండేళ్ళు కండెలు చుట్టిన మార్త.

ఆమె లేచి వచ్చింది. ఇమ్మానుయేల్ మణికట్టు పట్టుకుని హోరుకు దూరంగా, చెట్ల లోపలికి లాక్కుపోయింది. హెప్సిబా పరిగెత్తింది, గొడుగులన్నీ పరిగెత్తాయి. నీళ్ళ చప్పుడు పూర్తిగా ఆగిపోయిన చోట మార్త నిలబడింది.

"గిప్పుడడుగు," అంది.

ఇమ్మానుయేల్ పెదవులు కదిలాయి. అవే కదిలాయి.

"గట్ల కాదు. గొంతుతోని." మార్త అతని మణికట్టు వదల్లేదు. "హెప్సిబా నాయిన గూడ నన్ను సాంచల నడుమనే అడిగిండు. పెండ్లయినంక గూడ దినమంత ఆడ్నే మాట్లాడుకున్నం, ఇంటికొస్తె ఇద్దరం అలిసి పండుకునేటోళ్ళం. ఆయన పోయి ఆరేండ్లాయె. మొఖం యాదికున్నది. పెదవులు యాదికున్నయి. ఆయన గొంతు ఎట్లుంటదో యాదికొస్తలేదు, ఎంత తండ్లాడినా వస్తలేదు. నా బిడ్డకు గట్ల కావద్దు. నువ్వు అరుస్తవో, ఏడుస్తవో, గొంతుతోని అడుగు."

ఇమ్మానుయేల్ హెప్సిబా వైపు తిరిగాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"హెప్సిబా," అన్నాడు. కేక కాదు, గుసగుసా కాదు. కొంచెం బొంగురుగా, కొంచెం వణుకుతూ, మామూలు మనిషి గొంతు. "నన్ను చేసుకుంటవా?"

మార్త కళ్ళు మూసుకుంది. "ఇంకోసారడుగు, అల్లుడా," అంది.

అడిగాడు. హెప్సిబాకు సిగ్గూ నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "ఎన్నిసార్లడుగుతవు, ఎప్పుడో సరే అన్న గదా!" అని అరిచింది.

"నువ్వుండు బిడ్డా," అంది మార్త, కళ్ళు తెరవకుండానే. "నన్ను విననియ్యి."